ఆటోమేటిక్ రిపేర్ దగ్గరే తిరుగుతున్న ల్యాప్‌టాప్‌కి ఏ టూల్ వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. విండోస్ 11 ల్యాప్‌టాప్, రాత్రి అప్‌డేట్ అవుతుండగా ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది, పొద్దున్న ఆన్ చేస్తే లోగో కింద "ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అని, తర్వాత "డయాగ్నోజింగ్ యువర్ పీసీ" అని, చివరికి నీలం స్క్రీన్ మీద మీ పీసీని రిపేర్ చెయ్యలేకపోయాం అని, రీస్టార్ట్ కొడితే మళ్లీ మొదటికే. షాపులో ఫార్మాట్ కొట్టేద్దాం అన్నారు. లోపలేమో నాన్నగారి షాపు ట్యాలీ డేటా, పాప ఫొటోలు ఉన్నాయి. యూట్యూబ్‌లో ఒకాయన ఒక్క క్లిక్కుతో బాగుచేసే టూల్ అని లింకిచ్చాడు, అది వాడొచ్చా, ఇంకా మంచిది ఏదన్నా ఉందా అని.

ముందే చెప్పేస్తా, ఇప్పుడు ఏ టూలూ డౌన్‌లోడ్ చెయ్యకండి, ఫార్మాట్‌కి అస్సలు ఒప్పుకోకండి. మీకు కావాల్సిన సామాను చాలావరకు ఆ నీలం స్క్రీన్ వెనకాలే ఉంది. అది చేసిన పరీక్షలన్నీ ఒక ఫైల్లో రాసిపెట్టింది కూడా, మనవాళ్లెవరూ దాన్ని తెరిచి చదవరు, అదీ అసలు బాధ. రిపేర్ అవ్వలేదు అనగానే టూల్ పనికిరాదని వేరే టూల్ వెతుక్కుంటారు, ఆ వేరే టూల్ కూడా లోపల చేసేది ఇంచుమించు అవే పనులు.

ఈ ఆటోమేటిక్ రిపేర్ అంటే ఏంటో కాస్త చెప్తా, లేకపోతే తర్వాత చెప్పేవి తలకెక్కవు. ఎక్స్‌పీ రోజుల్లో సీడీ పెట్టి రికవరీ కన్సోల్‌లోకి వెళ్లి కమాండ్లు మనమే కొట్టుకునేవాళ్లం. 2007లో విస్టాతో స్టార్టప్ రిపేర్ వచ్చింది, 2012లో విండోస్ 8 నుంచి అది తనంతట తాను లేచే ఆటోమేటిక్ రిపేర్ అయ్యింది. ఇది మీ విండోస్‌లో భాగంలా కనిపిస్తుంది గానీ మామూలుగా డిస్క్‌లో వేరే చిన్న పార్టిషన్‌లో (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగంలో) ఉండే ఇంకో బుల్లి విండోస్, దాన్ని విండోస్ ఆర్ఈ అంటారు. వరసగా రెండుసార్లు బూట్, అంటే విండోస్ లేవడం, ఫెయిలైతే అది లేస్తుంది. అంటే మధ్యలో కరెంటు పోయినా, విసుగొచ్చి పవర్ బటన్ రెండుసార్లు నొక్కిపట్టి ఆపేసినా వస్తుంది. కాబట్టి అది కనబడినంత మాత్రాన లోపల ఏదో పాడైపోయిందని కాదు. ఒకసారి పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, పెన్‌డ్రైవ్, ప్రింటర్ వైరు, మౌస్ డాంగిల్ అన్నీ పీకేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ ఛార్జర్ పెట్టి ఆన్ చేసి చూడండి. కొన్ని దీంతోనే లేచి కూర్చుంటాయి.

ఒక్క మాట ఇక్కడే. లోగో కూడా రాకుండా నల్ల స్క్రీన్ వస్తే, ఫ్యాన్ తిరిగి ఆగిపోతే, బీప్‌లు కొడితే ఈ సమాధానం వాళ్లకి కాదు. అది ర్యామ్ తీసి కాంటాక్టుల్ని రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టే కేసు, ఏ సాఫ్ట్‌వేర్ టూలూ అక్కడిదాకా చేరదు.

మీది లోగో దాటుతోంది, సంతోషం. ఇప్పుడు రిపేర్ కంటే ముందు కావాల్సింది బిట్‌లాకర్ కీ, అంటే డిస్క్‌కి విండోస్ వేసిన తాళాన్ని తెరిచే నంబర్. చాలామందికి తమ ల్యాప్‌టాప్ ఎన్‌క్రిప్ట్ అయ్యి (ఆ తాళం పడి) ఉందన్న సంగతే తెలీదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన కొత్త ల్యాప్‌టాపుల్లో, హోమ్ ఎడిషన్‌లో కూడా, డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో చెప్పాపెట్టకుండా ఆన్ అయి ఉంటుంది, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ ఫ్రెష్‌గా ఎక్కించినవాటిలో ఇంకా ఎక్కువ. రిపేర్ స్క్రీన్‌లో కమాండ్ ప్రాంప్ట్ నొక్కగానే 48 అంకెల కీ అడిగితే ఖంగారు పడకండి, ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి డివైసెస్ కింద రికవరీ కీస్ చూడండి. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపువాళ్లు సెటప్ చేసి ఇచ్చి ఉంటే ఏ మెయిల్ ఐడీతో చేశారో గుర్తుతెచ్చుకోండి, కీ ఆ అకౌంట్‌లో కూర్చుని ఉంటుంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సొంత మెనూలో) సెట్టింగులు మార్చినా, మదర్‌బోర్డు మార్చినా కూడా ఈ కీ అడుగుతుంది, అందుకని కీ చేతిలోకి వచ్చేదాకా బయాస్ జోలికి పోవద్దు.

కీ దొరికింది, లేదా అడగనే లేదు అనుకుందాం. రెండో పని డేటా బయటికి తీయడం. దీనికి హార్డ్‌డిస్క్ ఊడదియ్యక్కర్లేదు, లినక్స్ పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు. ట్రబుల్‌షూట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో కమాండ్ ప్రాంప్ట్. నల్ల విండో వస్తుంది, ముందు ఎక్స్ డ్రైవ్ అని కనిపిస్తుంది, అది ర్యామ్‌లో నడుస్తున్న బుల్లి విండోస్, మీ డేటా కాదు. అక్కడ నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కండి, కింద టెక్స్ట్ డాక్యుమెంట్స్ అని ఉన్నచోట ఆల్ ఫైల్స్ అని మార్చండి, ఎడమపక్క దిస్ పీసీ నొక్కండి. ఇప్పుడు మీ ముందున్నది మామూలు ఎక్స్‌ప్లోరర్ లాంటిదే! ఖాళీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ గుచ్చి, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, అక్కడికెళ్లి పేస్ట్. ప్రోగ్రెస్ బార్ కనిపించదు, హ్యాంగ్ అయినట్టు ఉంటుంది, కదపకుండా వదిలెయ్యండి, అయ్యాక ఎఫ్5 కొడితే కాపీ అయినవి కనబడతాయి. ఫొటోలు ఒకేసారి మొత్తం కాకుండా ఫోల్డర్ ఫోల్డర్‌గా లాగితే ఏది ఆగిందో తెలుస్తుంది.

ట్యాలీ డేటా సంగతి జాగ్రత్త. ట్యాలీప్రైమ్ డేటా మామూలుగా యూజర్స్ ఫోల్డర్లో పబ్లిక్, దాంట్లో ట్యాలీప్రైమ్, దాంట్లో డేటా అనే చోట ఉంటుంది, అంకెల పేర్లతో ఫోల్డర్లుంటాయి, ఒక్కో అంకె ఒక్కో కంపెనీ. పాత ఈఆర్‌పీ 9 నుంచి వచ్చినవాళ్లకి సీ డ్రైవ్‌లో నేరుగా ఉండొచ్చు, లేదా ఆడిటర్ గారి మనిషి తనకి నచ్చిన చోట పెట్టి ఉండొచ్చు. అదెక్కడున్నా డేటా ఫోల్డర్ మొత్తం లేపండి. ఇంత నొక్కి ఎందుకు చెప్తున్నానంటే చివర్లో రీసెట్ దాకా, అంటే విండోస్‌ని మళ్లీ కొత్తగా ఎక్కించేదాకా, వెళ్లాల్సి వస్తే "కీప్ మై ఫైల్స్" అనేది యూజర్స్ ఫోల్డర్లో మీ అకౌంట్ కింద ఉన్నవాటిని చూసుకుంటుంది గానీ, బయట సీ డ్రైవ్‌లో పడున్నవాటికి గ్యారంటీ ఏమీ లేదు.

కాపీ అవుతున్నప్పుడు డిస్క్ ఎలా ప్రవర్తిస్తోందో గమనించండి, సగం రోగ నిర్ధారణ అక్కడే అయిపోతుంది. చిన్న ఫైల్‌కి కూడా నిమిషాలు పడుతోందా, మధ్యలో డ్రైవే మాయమవుతోందా, పాత హార్డ్‌డిస్క్ అయితే టిక్ టిక్ మని చప్పుడు వస్తోందా, అలా ఉంటే ఆగిపోండి. అది విండోస్ సమస్య కాదు, డిస్క్ పోతోంది. అలాంటి డిస్క్ మీద చెక్ డిస్క్‌ని (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ టూల్‌ని) స్లాష్ ఆర్ పెట్టి నడపమని ప్రతి వీడియోలో చెప్తారు, అది డిస్క్ మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చదువుతుంది, కొన ఊపిరితో ఉన్నదాన్ని పరుగెత్తించినట్టు. డిస్క్ మంచిదైతే చెక్ డిస్క్ మంచి టూలే, కాదనను, కానీ డేటా బయటికొచ్చాకే. అనుమానంగా ఉంటే విండోస్‌తో పనిలేని టెస్టు మీ మెషీన్లోనే ఉంటుంది. డెల్‌లో ఆన్ చేస్తూ ఎఫ్12 కొడితే డయాగ్నోస్టిక్స్ అని వస్తుంది, హెచ్‌పీలో ఎస్కేప్ కొట్టి ఎఫ్2. అందులో స్టోరేజ్ టెస్ట్ ఫెయిల్ అని వస్తే రిపేర్ గురించి ఇంక చదవక్కర్లేదు, కొత్త ఎస్‌ఎస్‌డీ కొనండి.

డిస్క్ బాగానే ఉందనుకుందాం, ఇప్పుడు ఆ ఫైల్ సంగతి. రిపేర్ అవ్వలేదు అన్న నీలం స్క్రీన్ కింద సన్న అక్షరాల్లో లాగ్ ఫైల్ అని ఒక దారి రాసి ఉంటుంది, అందరూ అది వదిలేసి పెద్దక్షరాలు ఫొటో తీసి పెడతారు. విండోస్ ఫోల్డర్లో సిస్టమ్32, అందులో లాగ్‌ఫైల్స్, అందులో ఎస్ఆర్‌టీ, దాంట్లో ఎస్ఆర్‌టీ ట్రెయిల్ అనే టెక్స్ట్ ఫైల్. ఇందాకటి నోట్‌ప్యాడ్‌లోనే తెరవొచ్చు. స్క్రీన్ మీద దారి డీ డ్రైవ్ అనో ఈ డ్రైవ్ అనో ఉండొచ్చు, భయపడకండి, రికవరీలో ఉన్నప్పుడు డ్రైవ్ అక్షరాలు మారిపోతుంటాయి, మీ సీ అక్కడ డీ అవ్వొచ్చు. ఏ కమాండ్ కొట్టినా ముందు విండోస్ ఫోల్డర్ ఏ అక్షరం కింద ఉందో చూసుకుని ఆ అక్షరమే వాడాలి, సగం కమాండ్లు పని చెయ్యకపోవడానికి కారణం ఇదే.

ఫైల్లో వరసగా టెస్టులుంటాయి. సిస్టమ్ డిస్క్ టెస్ట్, డిస్క్ ఫెయిల్యూర్ డయాగ్నోసిస్, టార్గెట్ ఓఎస్ టెస్ట్, బూట్ మేనేజర్ డయాగ్నోసిస్, రిజిస్ట్రీ హైవ్స్ టెస్ట్, బగ్‌చెక్ ఎనాలిసిస్, ఇలా. ఒక్కోదాని కింద కంప్లీటెడ్ సక్సెస్‌ఫుల్లీ, ఎర్రర్ కోడ్ సున్నా అని ఉంటుంది. అవన్నీ దాటేసి అడుగుకి వెళ్లి రూట్ కాజ్ ఫౌండ్ అన్న గీత కింద ఏముందో చూడండి. అక్కడ సాధారణంగా వచ్చేవి కొన్నే.

ఒకటి, ఒక ప్యాచ్ (అప్‌డేట్) వల్ల సిస్టమ్ లేవట్లేదు అని. మీ కథ విన్నాక ఇదే ఉంటుందని నా గట్టి అనుమానం, అప్‌డేట్ సగంలో ఆగింది కదా. దీనికి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంది, ముందు లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్ తీసెయ్యమనండి. అది కుదర్లేదు అంటే కమాండ్ ప్రాంప్ట్‌లో డిజమ్ (DISM) అనే విండోస్ సొంత టూల్‌ని మీ విండోస్ డ్రైవ్ మీదకి గురిపెట్టి, క్లీనప్ ఇమేజ్‌లో రివర్ట్ పెండింగ్ యాక్షన్స్ అనే ఆప్షన్‌తో నడపాలి, సగంలో ఉన్న అప్‌డేట్ పనుల్ని అది వెనక్కి తీస్తుంది. ఇది స్టార్టప్ ఫెయిలైన మెషీన్ కోసమే, నడుస్తున్న విండోస్ మీద వాడేది కాదు.

ఇంకోటి, బూట్‌కి కీలకమైన ఫలానా ఫైల్ కరప్ట్ అయ్యింది అని. ఫైల్ పేరు కూడా ఇస్తుంది, అది డ్రైవర్ల ఫోల్డర్లో ఉందా సిస్టమ్32లో ఉందా చూడండి. విండోస్ సొంత ఫైల్ అయితే, పాడైన విండోస్ ఫైళ్లని సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ వాడొచ్చు, కానీ ఉత్తగా కొడితే కాదు, ఆఫ్‌బూట్‌డిర్, ఆఫ్‌విన్‌డిర్ అని రెండు ఆప్షన్లిచ్చి మీ డ్రైవ్ చూపించాలి, లేకపోతే మీ విండోస్ దాకా వెళ్లనే వెళ్లదు. యాంటీవైరస్ వాళ్ల డ్రైవర్ అయితే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీస్టార్ట్ అయ్యాక 8 నొక్కండి, బూట్ అయితే ఆ యాంటీవైరస్ తీసెయ్యండి. సేఫ్ మోడ్‌కి అదే మెనూలో 4, నెట్‌తో కావాలంటే 5.

ఏ కారణమూ తేలకపోతే "అన్‌స్పెసిఫైడ్ చేంజెస్" అంటుంది, అంటే దానికీ తెలీలేదు అని మర్యాదగా చెప్పడం. అప్పుడు సిస్టమ్ రిస్టోర్ పాయింట్ (విండోస్ ముందే దాచుకున్న పాత స్థితి) ఉంటే వాడండి, చాలా మెషీన్లలో ఉండదు అనుకోండి, ఆన్ చేసిన పాపాన ఎవరు పోయారు. లేదంటే అదే స్టార్టప్ సెట్టింగ్స్‌లో 9 నొక్కితే ఫెయిలయ్యాక తనంతట రీస్టార్ట్ అవ్వడం ఆగుతుంది, దాంతో క్రాష్‌కి కారణం చెప్పే అసలు స్టాప్ కోడ్ స్క్రీన్ మీద నిలబడుతుంది. ఆటోమేటిక్ రిపేర్ మళ్లీ మళ్లీ లేవడం వల్ల చాలాసార్లు ఆ కోడ్ కళ్లబడకుండానే పోతుంది.

ఆ కోడ్ ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వస్తే విండోస్ కంటే ముందు బయాస్‌ని అనుమానించండి. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి చాలా ల్యాప్‌టాపుల్లో వీఎండీ అనే స్టోరేజ్ మోడ్ ఆన్ చేసి ఇస్తున్నారు. బయాస్ రీసెట్ అయినా, ఎవరైనా చెయ్యిపెట్టినా ఆ మోడ్ మారితే, విండోస్‌కి తన డిస్క్ తనకే కనబడదు. ఆటోమేటిక్ రిపేర్ వందసార్లు తిప్పినా లాభం లేదు, బయాస్‌లో ఒక్క సెట్టింగ్ పాత చోట పెడితే అయిపోతుంది. ఇలాంటి మెషీన్ మీద షాపులో విండోస్ పెన్‌డ్రైవ్ పెడితే డిస్క్ కనిపించదు, వెంటనే మీ ఎస్‌ఎస్‌డీ పోయింది సార్ అంటారు. వీఎండీ డ్రైవర్ లోడ్ చేస్తే కనబడుతుంది, ఆ మాట అడిగి చూడండి.

ఇప్పుడు యూట్యూబ్ కమాండ్ల గురించి, ఎందుకంటే నాకు ఎక్కువ మంట అక్కడే. రెగ్‌బ్యాక్ అనే బ్యాకప్ ఫోల్డర్ నుంచి రిజిస్ట్రీ ఫైళ్లు (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునేవి) కాపీ చెయ్యమని ఇప్పటికీ చెప్తున్నారు. విండోస్ 7 కాలంలో అది బంగారం లాంటి చిట్కా. 2018లో వచ్చిన విండోస్ 10 1803 వెర్షన్ నుంచి ఆ బ్యాకప్ తియ్యడం మైక్రోసాఫ్ట్ ఆపేసింది, డిస్క్ స్థలం ఆదా అని. ఫైళ్లు ఉంటాయి, సైజు చూస్తే సున్నా. ఆ సున్నాని తెచ్చి మీ అసలు రిజిస్ట్రీ మీద వేస్తే సగం చచ్చిన విండోస్ కాస్తా పూర్తిగా చచ్చిపోతుంది, ఆ తర్వాత ఇంక రీఇన్‌స్టాలే. అలాగే బూట్‌రెక్ అనే టూల్‌తో ఫిక్స్ ఎంబీఆర్ కొట్టమంటారు, ఎంబీఆర్ అనేది పాత కంప్యూటర్ల బూట్ పద్ధతి, మీది యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతితో బూటయ్యే జీపీటీ డిస్క్, ఎంబీఆర్‌తో దానికి పనే లేదు. ఫిక్స్ బూట్ కొడితే యాక్సెస్ డినైడ్ అంటుంది, దాన్ని దాటడానికి ఇంకో నాలుగు కమాండ్లు, అలా లోతుకి పోతారు. నిజంగా బూట్ ఫైళ్లే పోయుంటే, అంటే లాగ్‌లో బూట్ మేనేజర్ దగ్గర తప్పు చూపిస్తే, డిస్క్‌పార్ట్ అనే పార్టిషన్ల టూల్‌లో, బూట్ ఫైళ్లుండే చిన్న ఎఫ్ఏటీ32 ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఒక అక్షరం ఇచ్చి, బీసీడీబూట్ అనే ఒకే ఒక్క కమాండ్‌తో విండోస్ ఫోల్డర్ చూపిస్తే ఫైళ్లన్నీ కొత్తగా రాసేస్తుంది. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అనే మాట మాత్రం పొరపాటున కూడా టైప్ చెయ్యకండి, డిస్క్ మీదున్న పార్టిషన్లన్నీ ఎగిరిపోతాయి.

ఈ ఆటోమేటిక్ రిపేర్‌కి హద్దులున్నాయని లోకం మొత్తానికి తెలిసిన రోజు 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక పాడు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి, శంషాబాద్‌లో ఇండిగో వాళ్లు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. వాటిల్లో బూట్ ఫైళ్లు శుభ్రంగా ఉన్నాయి, డిస్కులు బానే ఉన్నాయి, డ్రైవర్ లోడై ఆ అప్‌డేట్ ఫైల్ చదవగానే క్రాష్. రిపేర్ స్క్రీన్ వచ్చి చేతులెత్తేసింది. చివరికి మనుషులు మెషీన్ మెషీన్ దగ్గరికి వెళ్లి సేఫ్ మోడ్‌లో ఆ ఒక్క ఫైల్ డిలీట్ చేశారు, మళ్లీ మధ్యలో బిట్‌లాకర్ కీల కోసం వెతుకులాట. ఆ దెబ్బకే మైక్రోసాఫ్ట్ క్విక్ మెషీన్ రికవరీ అని తెచ్చింది, 2025లో 24హెచ్2కి వచ్చింది, హోమ్ ఎడిషన్‌లో ముందే ఆన్ అయి ఉంటుంది. రిపేర్ స్క్రీన్ నుంచే నెట్‌కి కనెక్టయి మైక్రోసాఫ్ట్ దగ్గర మందు ఉందేమో అడుగుతుంది. అందరికీ ఒకేసారి వచ్చిన జబ్బుకైతే పనికొస్తుంది, మీ ఒక్కరి ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ అయిపోయి వచ్చిన దానికి అక్కడ మందు ఉండదు. రాకపోతే తప్పు మీది కాదని చెప్పడానికి అంటున్నా.

రిపేర్ స్క్రీన్ వచ్చాక యూఎస్‌బీ మౌస్, కీబోర్డు కదలట్లేదు అని కొందరు రాశారు. 2025 అక్టోబర్ 14 అప్‌డేట్‌లో సరిగ్గా ఆ బగ్ ఉంది, 20న విడిగా ఫిక్స్ ఇచ్చారు. ఆ మధ్యలో ఆగిపోయిన మెషీన్ అయితే విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా రిపేర్ మై పీసీ (పాత వెర్షన్ పెన్‌డ్రైవ్ అయితే రిపేర్ యువర్ కంప్యూటర్) ఎంచుకోండి, అవే టూల్సు అందులో ఉంటాయి. ఆ పెన్‌డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే చేసుకోవాలి, కనీసం 8 జీబీది.

ఇక బయటి టూల్స్. పెన్‌డ్రైవ్ నుంచి బూటయ్యే హైరెన్స్ బూట్‌సీడీ పీఈ మంచిది, నేనూ వాడతాను, డెస్క్‌టాప్‌లా తెరుచుకుంటుంది కాబట్టి డేటా లాగడానికి, డిస్క్ హెల్త్ చూడ్డానికి సుఖం. అది మాయగా రిపేర్ చేసేది మాత్రం కాదు, పనిముట్ల పెట్టె అంతే. ఉబుంటు (లినక్స్) కూడా పక్కన పెట్టుకుని, ఆన్ చెయ్యగానే ఏది కావాలో అడిగే గ్రబ్ అనే మెనూ పోయినవాళ్లకి బూట్ రిపేర్ అని ఉంది, ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వాడతారు, వాళ్ల పనికి అది బాగా చేస్తుంది. డబ్బులు కట్టించుకునే ఒక్క క్లిక్కు రిపేర్లు మాత్రం దండగ, ఫ్రీ అంటూ స్కాన్ చేసి వందల ఎర్రర్లు చూపించి ఫిక్స్ నొక్కగానే కార్డు నంబర్ అడుగుతాయి. మీకు వచ్చిన లింకు అసలు నడుస్తున్న విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్‌ది, బూటే అవ్వని మెషీన్లో దాన్ని ఎక్కడ ఇన్‌స్టాల్ చేస్తారు?

అన్నీ అయ్యాక కూడా లేవకపోతే రీసెట్ దిస్ పీసీ, కీప్ మై ఫైల్స్. సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి, ట్యాలీ మళ్లీ ఎక్కించి లైసెన్స్ రీయాక్టివేట్ చేసుకోవాలి, ఫైళ్లు ఉంటాయి. క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుంటే 4 జీబీ పైన పడుతుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టకండి, ఛార్జర్ మాత్రం గుచ్చి ఉంచండి. రిమూవ్ ఎవ్రీథింగ్ పక్కనే ఉంటుంది, చూసి నొక్కండి.

ప్రస్తుతానికి మీరు కీ వెతికి, ట్యాలీ డేటా ఫోల్డర్, ఫొటోలు కాపీ పెట్టి, ఆ ఎస్ఆర్‌టీ ట్రెయిల్ ఫైల్ అడుగు భాగం ఫోన్‌తో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. దాంతోపాటు ల్యాప్‌టాప్ మోడల్, డిస్క్ ఎస్‌ఎస్‌డీనా హార్డ్‌డిస్కా చెప్పండి. అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కారా, నొక్కితే ఏమంది అన్నది కూడా రాస్తే డిజమ్ కమాండ్ మీ డ్రైవ్ అక్షరంతో సహా రాసిస్తా.